చేతికందే జ్యామితి: పిల్లలకు ఘనాకృతుల పరిచయం

పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు కొలతలూ ఉండి చోటు ఆక్రమించే ఆకారాలను ఘనాకృతులు అంటారు. పాఠ్యపుస్తకాల్లో వీటికి త్రిమితీయ ఆకారాలని పేరు. సమఘనం, దీర్ఘఘనం, స్థూపం, శంకువు, గోళం, పట్టకం, పిరమిడ్ బడిలో పిల్లలకు పరిచయమయ్యే ముఖ్యమైనవి. ఘనాకృతి ఉపరితలంలోని ఒక్కో భాగాన్ని ముఖం అంటారు. రెండు ముఖాలు కలిసేచోట అంచు, అంచులు కలిసేచోట శీర్షం ఏర్పడతాయి.

నిర్వచనం ఇంతే. చిక్కంతా దాన్ని పుస్తకంలో చూపించబోయినప్పుడు వస్తుంది. పుస్తకాల్లో మామూలుగా కనిపించే సమఘనం బొమ్మలో ఆరు ముఖాలకు మూడే కనబడతాయి. పన్నెండు అంచుల్లో తొమ్మిది, ఎనిమిది శీర్షాల్లో ఏడు మాత్రమే కంటికి దొరుకుతాయి. కనిపించిన ముఖాలైనా ఉన్నవి ఉన్నట్టు ఉండవు. చతురస్రంగా ఉండాల్సినవి పక్కకు వాలిపోయి ఉంటాయి. దాగినవాటిని ఊహించుకోవాలి, వాలినవాటిని మనసులో నిలబెట్టుకోవాలి. అలాంటి వస్తువును అంతకుముందు చేత్తో తిప్పి చూసిన పిల్లకే ఇది సాధ్యం. బల్ల మీద ఒక్క డబ్బా కూడా పెట్టకుండా ఘనాకృతుల పాఠం మొదలుపెడితే, చాలామందికి అది చివరిదాకా గీతల పాఠంగానే మిగిలిపోతుంది.

మేడ్చల్ చుట్టుపక్కల

అలా చేతికందే వస్తువులు ఎక్కడ దొరుకుతాయో ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతం ఇప్పుడు సగం పల్లె, సగం పట్నం. 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెండు ఊళ్ల పక్కనుంచే పోతుంది. ఒకవైపు గోదాములు, అపార్టుమెంట్లు లేస్తుంటే మరోవైపు వరి మడులు, చెరువులు ఇంకా మిగిలి ఉన్నాయి. ఘనాకృతుల పాఠానికి ఇంతకంటే ఎక్కువ సామగ్రి ఉన్న చోటు వెతికినా దొరకదు. రోడ్డు పని జరిగేచోట వరసగా నిలబెట్టిన ట్రాఫిక్ కోన్‌లు, సెప్టిక్ ట్యాంకుల కోసం దించే సిమెంటు వరలు, ఇంటి మీది నల్ల నీళ్ల ట్యాంకు, తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీకి పోయే ట్యాంకర్లు అన్నీ పిల్లలు రోజూ చూసేవే.

వీటిలో ఇటుక దగ్గర కాసేపు ఆగాలి. పాత లెక్కలో ఎర్ర ఇటుక పొడవు 9 అంగుళాలు, వెడల్పు నాలుగున్నర, ఎత్తు 3. పొడవు వెడల్పుకు సరిగ్గా రెట్టింపు, ఎత్తుకు మూడు రెట్లు. అందుకే మేస్త్రీ ఒక ఇటుకను నిలువుగా, మరోదాన్ని అడ్డంగా పేర్చినా గోడ అంచు తప్పదు. మూడు ఇటుకలను ఒకదాని మీద ఒకటి పేర్చితే ఎత్తు 9 అంగుళాలవుతుంది. అలాంటి దొంతర్లు రెండు పక్కపక్కన పెడితే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 9 అంగుళాలే. అంటే ఆరు దీర్ఘఘనాలు కలిసి ఒక సమఘనం అయింది. నాలుగో తరగతి పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఫార్ములా ఊసు లేకుండానే ఘనపరిమాణం పాఠం సగం అయిపోతుంది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల సిమెంటు ఇటుకలు, బూడిద ఇటుకలే ఎక్కువ. వాటి కొలతలు వేరు కాబట్టి ముందు స్కేలుతో కొలిపించి, ఆ తర్వాతే పేర్పించాలి.

కీసరగుట్టకు విహారయాత్రకు పోయే పిల్లలకు ఇంకో పాఠం ఉంది. రామలింగేశ్వరాలయం చుట్టూ ఆరుబయట ఎన్నో శివలింగాలు కనిపిస్తాయి. ఆగమ పద్ధతిలో చెక్కిన లింగానికి మూడు భాగాలుంటాయి. అడుగున ఉండే బ్రహ్మభాగం నాలుగు పలకలు, పానవట్టంలో ఇమిడే విష్ణుభాగం ఎనిమిది పలకలు, పైకి కనిపించే రుద్రభాగం గుండ్రం. నాలుగు పలకల రాయికి నాలుగు మూలలూ సమంగా చెక్కేస్తే ఎనిమిది పలకలొస్తాయి. ఆ ఎనిమిది అంచులూ చెక్కితే పదహారు. అలా పోయేకొద్దీ పలకలు కంటికి ఆనకుండా పోయి రాయి గుండ్రబడుతుంది. చతురస్ర పట్టకం అష్టభుజ పట్టకమై, చివరికి స్థూపం కావడం శిల్పికి రోజూ చేసే పని. ఈ క్రమాన్ని తరగతిలో చూపడానికి ఒక సబ్బు బిళ్ల, మొండి చాకు చాలు.

బతుకమ్మ పేర్చే చేతులు

తెలంగాణలో పిల్లలు బతుకమ్మ పండుగకు తమ కళ్లముందు ఒక శంకువు పుట్టడాన్ని ఏటా చూస్తారు. సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడి ఆకులు పరిచి, అంచు వెంబడి తంగేడు పూలు గుండ్రంగా పేరుస్తారు. దాని మీద గునుగు వరస, ఆ పైన బంతి, మళ్లీ రంగు అద్దిన గునుగు. ప్రతి వరసా కిందిదానికంటే కాస్త లోపలికి జరుగుతుంది. మధ్యలో ఖాళీ పడకుండా తుంచిన కాడలు, ఆకులు కుక్కుతారు. పైకి పోయేకొద్దీ చుట్టు చిన్నదై, కొసన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ కూర్చుంటాయి.

అమ్మమ్మ పక్కన కూర్చుని గునుగు కాడలు సమంగా కత్తిరించి ఇచ్చే పిల్లకు శంకువు గురించి తెలియనిది తక్కువ. అడుగు వెడల్పు అంతే ఉంచి వరసలు పెంచితే బతుకమ్మ సన్నగా లేస్తుందని తెలుసు. ఒక్కో వరసను మరీ లోపలికి జరిపితే త్వరగా ముగిసిపోయి పొట్టిగా ఉంటుందనీ, అసలు జరపకపోతే శంకువు రాదు, స్థూపం వస్తుందనీ తెలుసు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు తాత్వికుడు డెమోక్రిటస్‌ను తికమక పెట్టిన ప్రశ్న కూడా ఇదే. శంకువును అడుగుకు సమాంతరంగా కోస్తే పక్కపక్కనే ఉన్న రెండు కోతముఖాలు సమానమా, కాదా? సమానమైతే అది స్థూపం కావాలి. కాకపోతే శంకువు పక్క నున్నగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉండాలి. ఈ ప్రశ్న అతను వేసినట్టు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిపెట్టాడు. బతుకమ్మ మెట్లు మెట్లుగానే ఉంటుంది. పూలు ఎంత చిన్నవైతే మెట్టు అంత చిన్నది. ఇంతకు మించి లోతుకు పోవాలంటే ఇంటర్మీడియట్‌లో సమాకలనం దాకా ఆగాలి. అయితే ఆ పాఠానికి పునాది మాత్రం దసరా సెలవుల్లో ఇంటి ముందు పడుతుంది. బడిలో ఆ ముచ్చట ఎత్తేవాళ్లే తక్కువ.

ఫ్రోబెల్ నుంచి వాన్ హీలే దాకా

ఘనాకృతులను పసిపిల్లల చేతికి ఒక పద్ధతి ప్రకారం ఇచ్చినవాడు జర్మనీకి చెందిన ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో ఆయన పెట్టిన సంస్థకే 1840లో కిండర్‌గార్టెన్ అన్న పేరు వచ్చింది. ఆయన తయారుచేసిన ఆటవస్తువులను ‘కానుకలు’ అన్నారు. మొదటి కానుక ఆరు రంగుల ఊలు బంతులు. రెండోది చెక్కతో చేసిన గోళం, సమఘనం, స్థూపం. మూడోది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే పెద్ద ఘనం, నాలుగోది ఎనిమిది ఇటుకలుగా విడిపోయేది. చదునైన పలకలు ఏడో కానుకలో గానీ రావు, పుల్లలు ఆ తర్వాత. ముందు ఘనం, తర్వాత తలం, తర్వాత గీత, చివరికి బిందువు అన్నది ఆయన వరస. మన పుస్తకాల్లో చాలాకాలం ఇది తలకిందులుగా, బిందువుతో మొదలై ఘనంతో ముగిసేలా నడిచింది. యూక్లిడ్‌కు ఆ క్రమం సరిపోయింది, ఆరేళ్ల పిల్లలకు సరిపోదు. అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ చిన్నప్పుడు తాను ఆడుకున్న ఫ్రోబెల్ దిమ్మెల ప్రభావం తన కట్టడాల మీద ఉందని ఆత్మకథలో చెప్పుకున్నాడు.

మరియా మాంటిస్సోరి నీలం రంగు వేసిన పది ఘనాకృతుల పెట్టెను ప్రవేశపెట్టింది. అందులో అండాకారం, దీర్ఘవృత్తాకార ఘనం కూడా ఉంటాయి. కళ్లకు గంతలు కట్టి, తడిమి, ఏ ఆకారమో చెప్పించడం ఆమె పద్ధతి. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. ఈనాడు హైదరాబాద్ శివార్లలో వీధికొకటి కనిపించే మాంటిస్సోరి బోర్డుల వెనక ఉన్న అసలు కథ అది. వాటిలో ఎన్నింట్లో ఆ నీలం పెట్టె ఉందో, ఉన్నా అది అల్మారాలోంచి బయటికి వస్తుందో తల్లిదండ్రులే అడిగి తెలుసుకోవాలి.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్తలు జాన్ పియాజే, బార్బెల్ ఇన్హెల్డర్ 1948లో పిల్లలకు స్థలభావన ఎలా ఏర్పడుతుందో వివరిస్తూ పుస్తకం వెలువరించారు. అందులో ఒక పరీక్షలో ఘనం, స్థూపం, శంకువు చూపించి, విప్పి పరిస్తే ఎలా ఉంటుందో గీయమన్నారు. బడిలో కాగితం మడవడం, విప్పడం అలవాటున్న పిల్లలు ఆ అలవాటు లేనివాళ్లకంటే రెండు మూడేళ్లు ముందున్నట్టు గమనించారు. వయసు ఒక్కటే చాలదు, చేతిపని కావాలని దీనితో తేలింది.

నెదర్లాండ్స్‌లో భార్యాభర్తలు డీనా, పియర్ వాన్ హీలే 1957లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసాల్లో జ్యామితి అవగాహన మెట్లు మెట్లుగా సాగుతుందన్నారు. మొదటి మెట్టులో పిల్లలు ఆకారాన్ని మొత్తంగా చూసి పోల్చుకుంటారు. రెండో మెట్టులో ముఖాలు, అంచులు, కోణాలు విడివిడిగా గమనిస్తారు. వాటి మధ్య సంబంధాలు ఆ తర్వాతే. మొదటి మెట్టు మీదున్న పిల్ల రూపాయి బిళ్లను స్థూపమంటే ఒప్పుకోదు, ఎందుకంటే తాను చూసిన స్థూపాలన్నీ పొడుగ్గా నిలబడి ఉన్నాయి. పది బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కొక్కటే తీసేస్తూ పోతే ఎక్కడ స్థూపం కాకుండా పోయిందో చెప్పలేక, చివరికి ఒప్పుకుంటుంది. గ్యాస్ సిలిండర్ విషయంలో చిక్కు ఇంకో రకం. పేరులోనే సిలిండర్ ఉన్నా దాని పైభాగం, కిందిభాగం ఉబ్బెత్తుగా ఉంటాయి. ఉదాహరణగా చెప్పేటప్పుడు నడుము వరకే స్థూపమని చెప్పడం న్యాయం.

మన పుస్తకాల్లో

అంగన్‌వాడీలో మూడేళ్ల వయసులో రంగు దిమ్మెలతో మొదలయ్యే పరిచయం పదో తరగతి క్షేత్రమితి దాకా సాగుతుంది. జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం 2005, రాష్ట్ర చట్రం 2011 ఆధారంగా 2012 నుంచి వచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఆరో తరగతిలో త్రిమితీయ ఆకారాలకు విడిగా చోటు దొరికింది. ఏడులో వల రూపాలు (ఘనాకృతిని విప్పి పరిచిన రూపాలు), చుక్కల కాగితం మీద గీయడం వస్తాయి. ఎనిమిదిలో త్రిమితీయ వస్తువులను ద్విమితీయంగా చూపడం, ఆయిలర్ సూత్రం. తొమ్మిదిలో స్థూపం, శంకువు, గోళాల ఉపరితల వైశాల్యాలు, ఘనపరిమాణాలు. పదిలో రెండు మూడు ఆకారాలు అతికిన వస్తువుల లెక్కలు. క్రమం బాగానే ఉంది. అయితే తొమ్మిదికి వచ్చేసరికి చేతిపని మాయమై ఫార్ములాల పట్టికే మిగులుతుంది.

2022–23లో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లో పుస్తకాలు ఇచ్చారు. ఒక పేజీలో దీర్ఘఘనం, పక్క పేజీలో క్యూబాయిడ్. ఏ మాటతో నేర్పినా, ఆ మాట పలికే వేళ వస్తువు చేతిలో ఉంటే రెండు పేర్లూ నిలుస్తాయి.

తరగతి గదిలో

ఖర్చు లేని మొదటి ఆట సంచి ఆట. గుడ్డ సంచిలో అగ్గిపెట్టె, గోటీ, సుద్దముక్క, నిమ్మకాయ, పాచిక వేసి, ఒకరు చెయ్యి పెట్టి తడుముతూ పేరు చెప్పకుండా వర్ణించాలి. మిగతావాళ్లు అడుగుతారు: “మూలలున్నయా? ఎన్ని? దొర్లుతదా?” “దొర్లుతది గని ఒక దిక్కే దొర్లుతది” అన్న జవాబు వచ్చిందంటే, ఆ పిల్ల స్థూపానికి నిర్వచనం దాదాపు చెప్పేసినట్టే. చూపులేని పిల్లలకూ ఈ ఆట సమానంగా అందుతుంది. ఇందులో వాళ్లే ముందుంటారు కూడా.

పీట ఒకవైపు ఎత్తిపెట్టి వస్తువులు వదిలితే మరిన్ని తేడాలు తెలుస్తాయి. డస్టర్ జారుతుంది, గోటీ ఎటైనా దొర్లుతుంది. డబ్బాను నిలబెడితే జారి, పడుకోబెడితే దొర్లుతుంది. నేల మీద శంకువును దొర్లిస్తే ముందుకు పోదు, కొన చుట్టూ గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వస్తుంది. కాగితపు టీ కప్పు కూడా అలాగే వంపు తిరుగుతుంది. ఎందుకని అడిగి ఊరుకోవాలి. జవాబు మరునాటికైనా వస్తుంది.

తర్వాతది అట్టపెట్టెలు విప్పడం. ఆన్‌లైన్ సరుకు వచ్చే పెట్టెలకు ఇప్పుడు ఏ ఇంట్లోనూ కొదవ లేదు. అతుకులు విడదీసి నేల మీద పరిస్తే వల రూపం వస్తుంది. సమఘనానికి వల రూపాలు సరిగ్గా 11 ఉన్నాయి. ఆరు చతురస్రాలను అంచులు కలిపి 35 రకాలుగా అమర్చవచ్చు. వాటిలో మడిస్తే పెట్టె అయ్యేవి ఈ పదకొండే. పిల్లలను జట్లుగా విడగొట్టి ఎవరు ఎన్ని కనిపెడతారో చూడమంటే తరగతి గంట చాలదు. తిప్పి చూసినా, బోర్లించి చూసినా ఒకటే అయినవాటిని ఒకటిగానే లెక్కించాలన్న నియమం దగ్గర పేచీలు మొదలవుతాయి. ఆ పేచీలోనే పాఠం ఉంది.

అరవింద్ గుప్తా అగ్గిపుల్లల పద్ధతి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, టెల్కోలో ఇంజినీరుగా ఉన్న ఆయన 1970ల చివర మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమానికి వచ్చి, సైకిల్ వాల్వు రబ్బరు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి ఆకారాలు చేయడం మొదలుపెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సన్నని రబ్బరు గొట్టాన్ని ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, మందు గీకేసిన పుల్లలను రెండు వైపులా దూర్చాలి. ఒక ముక్క నడుముకు ముల్లుతో చిల్లి పెట్టి ఇంకో పుల్ల గుచ్చితే మూడు పుల్లల కీలు తయారు.

ఆరు పుల్లలు, నాలుగు కీళ్లతో చతుర్ముఖి చేస్తే అది బల్ల మీద బిగుతుగా నిలబడుతుంది. నొక్కినా వంగదు. పన్నెండు పుల్లలు, ఎనిమిది కీళ్లతో సమఘనం చేస్తే చేతిలోంచి వదలగానే ఒక పక్కకు ఒరిగి కూలిపోతుంది. కీళ్లు సరిగ్గా బిగించలేదని పిల్లలు మళ్లీ చేస్తారు, మళ్లీ కూలుతుంది. అప్పుడు ఎవరో ఒకరు ఒక ముఖానికి అడ్డంగా కర్ణం వేస్తారు. ఆ ముఖం బిగుస్తుంది, మిగతావి ఊగుతూనే ఉంటాయి. ఆరు ముఖాలకూ ఒక్కో కర్ణం చొప్పున ఆరు పుల్లలు వేస్తే ఘనం నిలబడుతుంది. కర్ణానికి మామూలు పుల్ల పొట్టిదవుతుంది, చీపురు పుల్ల కొలిచి కోసుకోవాలి. లెక్క కూడా సరిపోతుంది. ఇలాంటి చట్రం బిగుసుకోవాలంటే శీర్షాల సంఖ్యను మూడుతో గుణించి ఆరు తీసేసినన్ని పుల్లలైనా కావాలి. నాలుగు శీర్షాలకు ఆరు, ఎనిమిదికి పద్దెనిమిది. హైటెన్షన్ కరెంటు టవర్లకు అన్ని అడ్డకమ్ములు ఎందుకున్నాయో ఆ రోజు ఇంటికి పోతూ పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు.

ముఖాలు, అంచులు, శీర్షాలు లెక్కపెట్టడం అలవాటయ్యాక ఆయిలర్ సూత్రం వస్తుంది. శీర్షాల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే 2. సమఘనానికి 8, 12, 6. చతురస్ర పిరమిడ్‌కు 5, 8, 5. త్రిభుజ పట్టకానికి 6, 9, 5. స్విట్జర్లాండ్ గణితవేత్త ఆయిలర్ 1750లో ఒక ఉత్తరంలో దీన్ని ప్రస్తావించాడు. ఇక్కడే టీచర్ల గదిలో ఎడతెగని ఒక తగువు ఉంది. స్థూపానికి ముఖాలు రెండా, మూడా? వంపు ముఖాన్ని కలిపితే మూడు, చదునైనవే లెక్కిస్తే రెండు. అంచులు రెండు, శీర్షాలు లేవు. సూత్రంలో వేస్తే ఎటు లెక్కించినా రెండు రాదు. ఆయిలర్ చెప్పింది చదునైన ముఖాలున్న బహుముఖుల గురించి కాబట్టి స్థూపాన్ని అందులో ఇరికించడమే పొరపాటు. శంకువు కొనను శీర్షం అనవచ్చా అన్నదీ ఇలాంటిదే. పరీక్షలో ఈ ప్రశ్నకు ఒకే జవాబు రాయించి మార్కులు కోయడం కంటే, ఏ నిర్వచనం తీసుకున్నారో పిల్లలతో చెప్పించడం మేలు.

గీయడం

చూసినదాన్ని కాగితం మీద పెట్టడం పిల్లలకు ఆలస్యంగా వస్తుంది. మైఖేల్ మిచెల్‌మోర్ 1978లో ప్రచురించిన పరిశోధనలో ఘనాకృతుల బొమ్మలను నాలుగు దశలుగా విడదీశాడు. మొదట ఒక ముఖమే గీస్తారు. తర్వాత కనిపించనివి కూడా కలిపి ముఖాలన్నీ పక్కపక్కన పరుస్తారు. ఆపైన లోతు చూపించే ప్రయత్నం మొదలవుతుంది, చివరికి సమాంతర అంచులు సమాంతరంగా కుదురుతాయి. రెండో దశలోని బొమ్మను తప్పని కొట్టేసే ఉపాధ్యాయుడు ఒక సంగతి గమనించాలి. ఆ పిల్ల తాను చూసింది గీయలేదు, తనకు తెలిసింది గీసింది.

ఈ దశలు సరిగా దాటకపోతే ఆ లోటు ఎక్కడ బయటపడుతుందో షామీర్‌పేట దగ్గర జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ ప్రాంగణంలోనూ, చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ డ్రాయింగ్ చెప్పే అధ్యాపకులను అడగవచ్చు. ముందు, పై, పక్క చూపులను కలిపి వస్తువును ఊహించడం దేశదేశాల మొదటి ఏడాది విద్యార్థులకు గండమే. అమెరికాలో మిషిగన్ టెక్‌లో షెరిల్ సార్బీ 1990ల నుంచి ఇలాంటి విద్యార్థులకు ప్రత్యేక పాఠాలు నడిపి, సాధనతో ఈ శక్తి పెరుగుతుందని చూపింది. 2013లో డేవిడ్ ఉట్టల్ బృందం 217 అధ్యయనాలను క్రోడీకరించి అదే నిర్ధారించింది. పుట్టుకతో రావాల్సిన వరం కాదన్నమాట.

కంప్యూటర్ సాయం కూడా ఉంది. ఉచితంగా దొరికే జియోజెబ్రాలో 2014 నుంచి ఘనాకృతులను తిప్పి చూడవచ్చు. అటల్ టింకరింగ్ ల్యాబులున్న బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా త్రీడీ ప్రింటర్ వాడే వీలుంది. వీటికి ముందు మట్టి, అట్ట, పుల్లలు రావాలి. తెర మీద తిరిగే ఘనం కూడా చదునైన బొమ్మే.

కొలతలూ, ధాన్యం రాశులూ

ఘనపరిమాణం నేర్పడానికి ఫార్ములా ఆఖరి మెట్టు. పాత ఇళ్లలో ఇంకా దొరికే సోల, తవ్వ, మానికలతో మొదలుపెట్టవచ్చు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానిక ఎత్తు తవ్వకు రెట్టింపు ఉండదు, అయినా రెట్టింపు పడుతుంది. పిల్లలు ఇక్కడ ఆశ్చర్యపోతారు. అడుగు, ఎత్తు సమానంగా ఉండేలా అట్టతో ఒక శంకువు, ఒక స్థూపం చేసి, శంకువుతో ఇసుక పోస్తే మూడుసార్లకు స్థూపం నిండుతుంది. ఎత్తు అడుగు వ్యాసమంతే ఉన్నప్పుడు, ఆ స్థూపంలో సరిగ్గా ఇమిడే గోళాన్ని కూడా కలిపితే శంకువు, గోళం, స్థూపం 1:2:3 నిష్పత్తిలో ఉంటాయి. గోళానికీ స్థూపానికీ ఉన్న ఈ సంబంధాన్ని ఆర్కిమెడిస్ తన సమాధి మీద చెక్కించమన్నాడు.

శంకువు, పిరమిడ్ లాంటి కొన ఉన్న ఆకారాల్లో వచ్చే ఈ మూడో వంతు అంత తేలిగ్గా తట్టేది కాదు. 499లో ఆర్యభటుడు ఆరంచుల ఘనానికి, అంటే చతుర్ముఖికి, అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం తీసుకోమన్నాడు. త్రిభుజానికి సగం కదా, ఘనానికీ సగమే అనిపించడం సహజం. గోళానికి ఆయనిచ్చిన సూత్రం కూడా అసలుకంటే దాదాపు మూడో వంతు ఎక్కువ చూపిస్తుంది. 628లో బ్రహ్మగుప్తుడు మూడో వంతు అని సరిచేశాడు, 1150 నాటి లీలావతిలో భాస్కరుడు గోళానికి సరైన లెక్క ఇచ్చాడు. ఆర్యభటుడు తడబడ్డ చోట తొమ్మిదో తరగతి పిల్ల తడబడితే కోప్పడాల్సింది ఏమీ లేదు. ఈ గణితమంతా సంస్కృతంలోనే ఉండిపోలేదు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు.

లీలావతిలో రాశి వ్యవహారమని ఒక భాగం ఉంది. నేల మీద పోసిన ధాన్యం రాశిని ఎలా కొలవాలో అందులో చెప్పారు. ముతక గింజలైతే రాశి ఎత్తు చుట్టుకొలతలో పదో వంతు, సన్నవైతే పదకొండో వంతు, వడ్లలాంటి ముల్లున్న గింజలైతే తొమ్మిదో వంతు అని లెక్క. చుట్టుకొలతలో ఆరో వంతును వర్గం చేసి ఎత్తుతో గుణిస్తే ఘనపరిమాణం. రాశి చుట్టుకొలత 18 మూరలైతే ఎత్తు 2, ఘనపరిమాణం 18 ఘనమూరలు. ఇది π విలువను 3గా తీసుకున్న శంకువు సూత్రమే. నేటి విలువతో చేస్తే 17.2 వస్తుంది. తొమ్మిదో వంతు ఎత్తు అంటే రాశి వాలు సుమారు 35 డిగ్రీలు. గోడకు ఆనించిన రాశికీ, గది మూలలో పోసినదానికీ, బయటి మూలను చుట్టుకున్నదానికీ కూడా భాస్కరుడు విడివిడిగా లెక్కలిచ్చాడు. అవి శంకువులో సగం, పావు, ముప్పావు భాగాలు.

మేడ్చల్ జిల్లాలోనే మూడుచింతలపల్లి వైపు గ్రామాల్లో ఇప్పటికీ వరి పండుతుంది. కోతల వేళ కల్లాల దగ్గర, కొనుగోలు కేంద్రాల దగ్గర వడ్లు రాశులు పోసి ఉంటాయి. ఉపాధ్యాయులు ఒక తాడు, టేపు పట్టుకుని, రైతునడిగి, ఒక్క పూట పిల్లలను అక్కడికి తీసుకుపోవాలి. రాశి చుట్టుకొలతను తొమ్మిదితో భాగిస్తే వచ్చిన ఎత్తుకూ, టేపు చూపిన ఎత్తుకూ ఎంత తేడా ఉందో పిల్లల చేతనే నోటుబుక్కులో రాయించండి.